ఇటుకలు పీకే పెద్దాయన

“తాపీ! తాపీ!” అని నిచ్చెన మీద నుంచి అరిచాడు పళ్లడాక్టరు.

నెమ్మదిగా కానివ్వమంటున్నాడు కాబోలనుకుని కుట్టుపనావిడ ఇసుకతట్ట దించేసింది. ఆమె అత్తగారు ఇటుకల దొంతి మీద చతికిలబడి కాళ్లు చాపుకుంది.

ఎవరో ముసలాయన మాత్రం లేచి, ఇసుకలో పడున్న తాపీ తీసి డాక్టరు చేతికిచ్చాడు.

“ఓహో, పనిముట్టా!” అని నాలుక్కరుచుకుంది కుట్టుపనావిడ.

సముద్రం దాటి వచ్చిన ఆ పన్నెండుమందికీ ఇక్కడి మాటలు పట్టుమని పది రావు. వరదలో ఇల్లు పోయిన ఈ కుట్టుపనావిడలాంటి వాళ్లకి సొంత చేతులతో ఇల్లు కట్టిపెడదామని, పనులకు సెలవు పెట్టి వచ్చారు.

గోడు వినడం వచ్చు. గోడ కట్టడమే రాదు. నాయకుడైన పళ్లడాక్టరు కట్టుడుపళ్లు తప్ప మరొకటి కట్టి ఎరగడు.

దుబాసీ పిల్ల మొదటిరోజు మాట కలిపి, మళ్లీ తాళం ఇచ్చే రోజు వస్తానని వెళ్లింది. మధ్యలో అంతా సైగలే.

ముసలాయన రోజూ వచ్చేవాడు. ఒక కన్ను మూసి గోడ చూసేవాడు. తల అడ్డంగా ఊపేవాడు. పై మూడు వరసలూ పీకి, మళ్లీ పేర్చేవాడు.

డాక్టరు ఏమీ అనకపోగా ఆయనకి కుర్చీ వేసేవాడు.

“పళ్లు పీకే ఆయనొకడు, ఇటుకలు పీకే ఆయనొకడు. జోడీ కుదిరింది!” అంది అత్తగారు.

“ఊరుకోండత్తయ్యా! వాళ్లు పెట్టుకున్న ఇంజనీరు. వింటే బాగోదు.”

ఇంజనీరుగారు కదా అని, అన్నం కూడా ముందు ఆయనకే పెట్టేది.

గురువారం కప్పు రేకులు దిగాయి. ముసలాయన కిటికీ వైపు గోడ పీకడం మొదలుపెట్టాడు.

కుట్టుపనావిడకి ఓపిక దారం తెగింది.

“సార్, ఎల్లుండి వీళ్లు విమానం ఎక్కేస్తారు. కప్పు పడకపోతే నా పిల్లలు మళ్లీ గుడారంలోకే!”

“వంకరగా ఉందమ్మా.”

“ఉంటే ఉండనీండి! వంకరింట్లో ఉండేది నేను. ఇంతకీ ఇల్లు నాదా, మీదా?”

ముసలాయన చేతిలో ఇటుక కింద పెట్టాడు.

“నీదేనమ్మా.”

“అయితే దయచెయ్యండి!”

“ఈ ఒక్క వరసా పెట్టి...”

“అక్కర్లేదు!”

ఆయన చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

శనివారానికి కప్పు పడింది. డాక్టరు రసమట్టం పెట్టి చూశాడు. ముసలాయన చెయ్యిపడిన గోడల మీద బుడగ నడిమధ్యన నిలబడింది. కిటికీ వైపు మాత్రం మూలకి పారిపోయింది. అక్కడ గోడకీ రేకుకీ మధ్య పిల్లి దూరేంత సందు.

డాక్టరు తాళంచెవి పట్టుకుని ఏదో అడిగాడు.

“మీ నాన్నగారేరీ అంటున్నారు. ఆయన చేతికే ఇస్తారట,” అంది దుబాసీ.

“మా నాన్న పోయి పదేళ్లయింది!”

“మరి రోజూ గోడలు సరిచేసిన పెద్దాయన?”

“ఆయన మీ ఇంజనీరు కదా?”

“వీళ్లకి ఇంజనీరెక్కడమ్మా! ఇంటిపెద్ద కదా, ఎదురు చెప్పకూడదని ఊరుకున్నారట.”

“బాగుంది! వాళ్లేమో మన మనిషనుకున్నారు, మనమేమో వాళ్ల మనిషనుకున్నాం. ఊరూ పేరూ అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు,” అంది అత్తగారు.

అందరూ నవ్వారు. కుట్టుపనావిడ చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

“ఆయన్ని తరిమింది నేను. ఆయనెవరో తేలేదాకా తాళంచెవి ముట్టను. విమానం పోతే పోనీండి!”

నీళ్లబండి అతను ముందుకొచ్చాడు. “చివరి గుడారం మేస్త్రీయేగా? నిన్న తెల్లారగానే మూట సర్దుకుని పోయాడు. ఎటో చెప్పలేదు.”

దుబాసీ ఇళ్లు ఎవరెవరికో రాసిన జాబితా ఫైలు తీసి, ఫొటోలున్న కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. మేస్త్రీ ఫొటో దగ్గర ఆగింది. ముందు వాళ్ల భాషలో చదివింది. పన్నెండుమందీ టోపీలు తీసేశారు.

తర్వాత కుట్టుపనావిడ వైపు తిరిగి, అందరికీ వినబడేలా చదివింది:

“జాబితాలో మొదటి పేరు ఈయనదే, ఈ ఇల్లు వచ్చిందీ ఈయనకే, ‘నా చోటు ఆ కుట్టుపని చేసుకునే పిల్లలతల్లికి ఇచ్చెయ్యండి, ఆమెకి మాత్రం చెప్పకండి’ అని రాయించి, కింద వేలిముద్ర వేశాడు.”