హిడ్మే హాజరు

"నీ పేరేంటమ్మా?"

"హిడ్మే, సారూ."

హెచ్.ఆర్. ఆఫీసర్ జయరావు ట్యాబ్‌లో వెతికాడు. గని టౌన్‌షిప్ ఆస్పత్రిలో ముఖం చూసి హాజరు వేసే యంత్రం పెట్టి ఆ రోజుకి వారం. స్వీపర్ దగ్గర్నుంచి సర్జన్ దాకా నూట పన్నెండు మంది. అందులో హిడ్మే లేదు.

"లిస్టులో లేవు. మరి రోజూ డాక్టర్ గదిలోకి ఎందుకెళ్తున్నావు?"

"నాది కొలువు కాదు సారూ. ఊరోళ్ళు వస్తరు గదా. వాళ్ళ మాట డాక్టరుకు చెప్త. డాక్టరు మాట వాళ్ళకు చెప్త."

"దానికి ఎంత తీసుకుంటావు?"

ఆమె అతని ముఖంలోకి చూసింది.

దళారుల సంగతి జయరావుకి తెలుసు. గార్డుని పిలిచాడు.

"కార్డు లేనివాళ్ళు లోపల తిరగకూడదు."

హిడ్మే గొడవ పడలేదు. కొంగు సర్దుకుని లేచింది.

"ఆ కిటికీ కాడి ముసలమ్మకు కుడి చెవి వినబడదు సారూ. ఎడమ పక్క నుంచి మాట్లాడమనుండ్రి," అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ నెల హాజరు నూటికి తొంభై తొమ్మిది. పైనుంచి మెచ్చుకుంటూ మెయిల్ వచ్చింది.

మర్నాడే హెడ్ నర్సు దేవుడమ్మ ఆఫీసులోకి వచ్చింది. శ్రీకాకుళం మనిషి, ఇక్కడ ఇరవై ఏళ్ళ సర్వీసు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బాబూ, ఆ హిడ్మేని ఎందుకు పంపీసినారు?"

"ఏమైంది సిస్టర్?"

"నిన్న ఒకాయన ఆరేళ్ళ పిల్లని ఎత్తుకొచ్చినాడు. డాక్టరుగారు హిందీలో ఏటడిగినా తలూపినాడు. కడుపునొప్పని మందిచ్చి పంపీసినాం. పాము కరిసిందని సెప్తన్నాడట బాబూ, ఒక్కరికీ తెలీనేదు. దారిలో పిల్లకి కళ్ళు మూతలు పడిపోతే మళ్ళీ తెచ్చినాడు. అప్పుడు కాటు సూసినాం. జగదల్‌పూర్ పెద్దాస్పత్రికి పంపినాం."

జయరావు లేచి నిలబడ్డాడు. "బతుకుతుందా?"

"గండం గడిసింది. పొద్దున్నే ఫోనొచ్చింది." దేవుడమ్మ కళ్ళు తుడుచుకుంది. "హిడ్మే ఉంటే ఒక్క నిమిషంలో సెప్పును."

పదిహేను రోజులు జయరావు ఒకే ఫైలు వెంట తిరిగాడు. 'భాషా సహాయకురాలు' అని కొత్త పోస్టు సాధించాడు. ఆర్డరు తీసుకుని ఆదివారం జీపులో ఆమె ఊరికి వెళ్ళాడు.

గుడిసె ముందు హిడ్మే చెల్లెలు జోగే విప్పపూలు ఆరబోస్తోంది. జయరావు తెలుగులో అడిగాడు. హిందీలో అడిగాడు. ఆమె గోండీలో ఏదో చెప్పింది. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. దిక్కుతోచక డ్రైవర్ ఆయతు వైపు చూశాడు.

"మిర్చి కోతకు భద్రాచలం దిక్కు పోయిందంట సార్. ఇగ మళ్ళ రానని చెప్పిందంట."

"ఫోన్ నంబరు?"

"లేదంట."

జయరావు ఆర్డరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అసలు ఆమె ఇన్ని భాషలు ఎక్కడ నేర్చుకుందో అడుగు."

జోగే చేతిలో పని ఆపి చాలాసేపు చెప్పింది. విన్నాక ఆయతు జయరావు వైపు తిరిగాడు.

"టౌన్‌షిప్ ఇండ్లల్ల గిన్నెలు తోముకుంటా నేర్చుకుందంట సార్. అంతకుముందు ఆమెకూ గోండీ ఒక్కటే వచ్చు."

"మరి ఎందుకు నేర్చుకుంది?"

"జరమొచ్చిన కొడుకుని ఎత్తుకుని మన ఆస్పత్రికే వచ్చిందంట సార్. పొద్దట్నుంచి చెప్తనే ఉందంట, పిల్లగాడు పోయేదాక ఆమె మాట ఒక్కలకు గూడ సమజ్ కాలేదంట."