పేరు చెరిగిన డబ్బా

"బాబాయ్, ముట్టుకోకుండా చూడండి."

లమీస్ ఆ మాట చెప్పడం అది మూడోసారి.

ముసలాయన మూడోసారీ బుద్ధిగా తలూపి, ఇంకో డబ్బాని గోటితో టకటకలాడించాడు.

"ఇందులో నూనె లేదే."

"ఇది కొట్టు కాదు బాబాయ్. ప్రదర్శన."

"ఖాళీ డబ్బాలకా? మా ఆవిడైతే పుదీనా నాటేది."

లమీస్ గడియారం చూసుకుంది. పదిన్నర. పన్నెండింటికి మ్యూజియం వాళ్ళొస్తారు.

అమెరికాలోని డియర్‌బార్న్‌లో, వారెన్ అవెన్యూ మీద, రొట్టెల దుకాణం పక్కన ఆమె అద్దెకు తీసుకున్న గది అది. గోడ నిండా రెండు వందల ఆలివ్ నూనె డబ్బాలు. లెబనాన్‌లోని వాళ్ళ ఊరి నుంచి ముప్పై ఏళ్ళుగా ప్రయాణికుల సామాన్లలో పడి ఇక్కడి వంటిళ్ళకు చేరినవి. ఏ డబ్బా ఏ ఇంటికి చేరాలో, ఆ ఇంటి పేరు దాని మీద నల్లసిరాతో రాసి ఉంది. అన్నీ ఒకే చేతిరాత.

ఆ రాతకే మ్యూజియం వాళ్ళు పడిపోయారు. గోడ మొత్తం తీసుకుంటామన్నారు. కాకపోతే రాసినవారెవరో తేలాలి, వారి సంతకం కావాలి. ఇవాళే గడువు.

సొంత డబ్బా కొట్టుకోవడం చేతగాని లమీస్‌కి ఆ పని డబ్బాలే చేసిపెట్టాయి. తలరాత మాత్రం వెళ్ళి ఓ చేతిరాతలో చిక్కుకుంది.

అక్కడ లెబనాన్ ఊళ్ళో హుదా అత్త మూడు వారాలుగా వాకబు చేస్తోంది. ఫోను మోగదు. లమీస్ కూర్చోలేదు, నిలబడలేదు. నూనె లేకపోయినా ఈ ముసలాయన జిడ్డొకటి.

"ఉమ్ ఫాదీ," ముసలాయన ఓ డబ్బా మీది పేరు చదివాడు. "ఆవిడ బతికే ఉందా ఇంకా?"

"తెలీదు. నాకు అరబీ చదవడం రాదు."

"మాట్లాడుతున్నావుగా."

"మాటలొచ్చు. పుట్టింది ఇక్కడ. ఆ అక్షరాలన్నీ నాకు మెలికలే."

"నీకు రాని చదువు ఊరందరికీ గోడకెక్కించావన్నమాట."

లోపల ఫోను మోగింది. లమీస్ పరుగెత్తింది. పక్క దుకాణం వాళ్ళు. పాలకూర కూరి కాల్చే ఫతాయర్లు ఎన్ని డజన్లు కావాలట.

తిరిగొచ్చేసరికి ముసలాయన వెలిసిపోయిన ఓ పేరు మీద మార్కరుతో దిద్దుతున్నాడు.

"ఏం చేస్తున్నారు మీరు?"

"పేరు చెరిగింది బిడ్డా. చెరిగితే నూనె పక్కింటికి పోతుంది. తర్వాత ఎంత తగవనుకున్నావు."

"కళ తప్పడమే ఇక్కడ కళ. మొత్తం పాడుచేశారు. దయచేసి నడవండి."

బయట కారు హారన్ మోగింది.

"మా అమ్మాయి. విమానానికి వేళయింది," అన్నాడాయన, మార్కరుకు మూత పెడుతూ. "కోప్పడకు తల్లీ. ఏమన్నా తిన్నావా?"

లమీస్ తలుపు తీసి పట్టుకుంది. ఆయన వెళ్ళగానే గడియ పెట్టింది.

దూదీ స్పిరిటూ తెచ్చి తుడిచింది. కొత్త సిరాతోపాటు అడుగునున్న పాత సిరా కూడా ఊడొచ్చింది. రేకు తళతళలాడింది.

పన్నెండింటికి వచ్చిన మ్యూజియం ఆవిడ సరిగ్గా దాని ముందే ఆగింది.

"దీని మీద పేరేదీ?"

"చెరిగిపోయింది."

"రాసినాయన?"

"దొరకలేదు."

ఆవిడ నొచ్చుకుంటూనే సంచీ సర్దుకుంది.

ఒంటిగంటన్నరకు హుదా అత్త ఫోను.

"దొరికాడే. హజ్ దీబ్ అని, నూనె గానుగ దగ్గర డబ్బాలకు మూతలు అతికేవాడు. చూడబోతే ఆయన నెల్లాళ్ళుగా మీ డియర్‌బార్న్‌లోనే కూతురింట్లో ఉన్నాడు. ఇప్పుడే ఆ అమ్మాయితో మాట్లాడాను. విమానం ఎగిరిపోయిందట."

"అడిగుంటే సంతకానికి ఒప్పుకునేవాడా అత్తా?"

"ఒప్పుకోకేం," అంది హుదా అత్త, "పొద్దున దారిలో ఏదో అద్దాల గదిలో తన డబ్బాలు కనబడితే కారు ఆపించి, ఓ పేరు వెలిసిపోయిందని దిద్ది మరీ విమానమెక్కాడట."