మూడో నిమ్మకాయ

ఎయిర్‌ఫోర్స్‌లో రిటైరై వచ్చిన లింగప్ప, మత్తిగిరి ఊరిబయట షెడ్డులో బాగుచేస్తున్న పాత యుద్ధవిమానానికి ఆ సాయంత్రం ఆయుధపూజ చేశారు. కాపలా చౌడప్ప మూడు చక్రాలకని మూడు నిమ్మకాయలు తెచ్చి, ముందు చక్రాల కింద చెరొకటి పెట్టాడు.

“బండ్లకైతే తొక్కిస్తారు. దీనికి ఇంజినే లేదే, యాడ పోతాది చౌడప్పా?” అని నవ్వి లింగప్ప ఇంటికి పోయాడు.

చౌడప్ప లోపల గడియ వేసి, విమానం ముందే మంచం వేసుకుని పడుకున్నాడు. చీకట్లో నిమ్మవాసనకు మెలకువ వచ్చింది. లాంతరు ఎత్తి చూశాడు. విమానం ఉన్నచోటే ఉంది. కాయలు రెండూ నలిగి, రసం ఇంకా కారుతోంది. గడియ వేసింది వేసినట్టే ఉంది.

తోక చక్రం కాయను మరిచిపోయి చొక్కా జేబులోనే ఉంచుకున్నట్టు అప్పుడు గుర్తొచ్చింది. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

జేబు తడిగా ఉంది.