ఇరవై రెండుకి కారణం

"మళ్లీ ఇరవై రెండే! బతికున్నన్నాళ్లూ ఇదే మాట, పోయాకా ఇదే మాట!" బాబాయి కీబోర్డును అవతలికి తోసేశాడు.

పక్క బల్ల దగ్గర పనిచేసుకుంటున్న అన్న కూతురు తల తిప్పింది. "ఎవరిని తిడుతున్నావు బాబాయ్, పెట్టెనా, నాన్ననా?"

"రెండూ ఒకటేగా!"

నవ్వుతూ అన్నాడే గానీ కుర్చీని పెట్టెనుంచి కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

అది అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టిన కంపెనీ. ఆఫీసులకు నెట్‌వర్కు పెట్టెలు తయారుచేస్తారు. పెట్టె లోపల సమస్తాన్నీ నడిపే మూల ప్రోగ్రాం, కెర్నెల్, అన్న చేతిపని. బయటినుంచి దానికి చిరునామాలూ, దారులూ, బయటి నెట్‌వర్కుకు వెళ్లే వాకిలి లాంటి గేట్‌వేలూ చెప్పే ప్రోగ్రాం తమ్ముడిది. చెప్పింది నచ్చకపోతే కెర్నెల్ ఒక అంకె ముఖాన కొడుతుంది. ఇరవై రెండంటే, నువ్వు చెప్పింది చెల్లదని. ఎందుకు చెల్లదో తల బద్దలు కొట్టుకుని మనమే కనుక్కోవాలి.

"అంకెతోపాటు కారణం కూడా పంపుతానురా. నీ ప్రోగ్రాం అడిగేలా ఒక్క లైను చేర్చు. అడిగితేనే చూపిస్తుంది" అన్నాడు అన్న, ఆరేళ్ల కిందట.

"నేను నిన్ను అడుక్కోవాలా?" అన్నాడు తమ్ముడు.

మాటా మాటా పెరిగింది. అన్న గొంతు చించుకుని అరిచాడు. మర్నాటినుంచి అన్న మేడమీద, తమ్ముడు కింద. మెట్ల మీద ఎదురుపడ్డా ముఖాలు తిప్పుకునేవారు. ఇద్దరికిద్దరూ మొండిఘటాలే మరి!

అన్న పోయి నెలయింది. ఆసుపత్రిలో కళ్లు మూసుకునే ఉన్న మనిషి పక్కన తమ్ముడు రెండు పూటలు కూర్చున్నాడు. ఒక్క మాట లేదు. అప్పటినుంచి ఈ పెట్టె ముందు ఒంటరిగా కూర్చోవాలంటే ఒళ్లు జలదరిస్తోంది. లోపల ఫ్యాను తిరుగుతుంటే అన్న గొంతు సవరించుకుంటున్నట్టే ఉంటుంది. కోపంతోనే పోయాడా? అదొక్కటి తెలిస్తే చాలు, కంటిమీద కునుకు పడుతుంది.

"ఆ లైనేదో ఇప్పుడైనా చేర్చు బాబాయ్" అంది అమ్మాయి.

"ఎందుకే? ఆ గొడవతో మీ నాన్న కారణాలు పంపే పనే మానేసి ఉంటాడు."

"చేర్చి చూస్తే పోయేదేముంది?" కుర్చీ లాక్కుని తనే చేర్చింది. "ఇప్పుడు కొట్టు."

బాబాయి మీట నొక్కాడు. ఇరవై రెండు వచ్చింది. దాని కింద మొట్టమొదటిసారి ఇంకో వరుస వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

'గేట్‌వే తప్పుగా ఇచ్చావురా చిన్నోడా, సరిచూసుకో. అలా అరవడం నా తప్పే. పైకి రా, టీ తాగుదాం.'

బాబాయి కుర్చీలోంచి లేచాడు. అప్రయత్నంగా మెట్లవైపు చూశాడు. తర్వాత పసిపిల్లాడిలా భోరుమన్నాడు.

"క్షమించాడమ్మా! కోపంతో పోలేదు మీ నాన్న!"

"ఊరుకో బాబాయ్, ఊరుకో."

"ప్రాణం మీదికొచ్చాక మెత్తబడ్డాడు పాపం. ఆసుపత్రికి వెళ్లేముందు మంచం మీదనుంచి రాసుంటాడు. ఎప్పుడు రాశాడో చూడవే, ఆ తారీఖు రాసిపెట్టుకుంటాను."

అమ్మాయి ఆ వరుస ఉన్న కెర్నెల్ ఫైలులో మార్పుల చరిత్ర తెరిచింది. చూసి, తెరను మెల్లగా అతనివైపు తిప్పింది.

అది గొడవ జరిగిన మర్నాటి తారీఖు.