నాలుగో గీత

"రాయి మీద ఇంకా పోయినేడే ఉందిరా, తమ్ముడూ!"

అక్క ఎడ్నా మాటకు హెర్బర్ట్ గుమ్మం వైపు తిరిగాడు.

నిజమే. దక్షిణాఫ్రికాలోని ఉమ్‌కోమాస్ ఊళ్ళో కట్టిన కొత్త చర్చి గుమ్మం పక్కన, నల్లరాయి మీద MCMXCIII అని నిగనిగలాడుతోంది. పందొమ్మిది వందల తొంభై మూడు.

చర్చి తెరవాల్సింది పోయినేడే. చుట్టుపక్కల కాల్పులు ఎక్కువయ్యేసరికి ఎన్నికలయ్యాక చూద్దామన్నారు. ఎన్నికలయ్యాయి. మొదటిసారి అన్ని రంగులవాళ్ళూ ఓట్లేశారు. ఊరు చల్లబడింది. రేపే ప్రారంభం. రాయి మాత్రం పోయినేట్లోనే ఆగిపోయింది.

"మామూలు అంకెలు వేయించరా అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. విన్నావా?"

"మన పాత చర్చి రాయి మీద మన తాత రోమన్ అంకెలే చెక్కాడన్నావుగా అక్కా! అలాగే ఉండాలనీ..." రిటైర్డు టీచరు హెర్బర్ట్ నసిగాడు.

"ఆ రాయి మాటెత్తకు. ఇది తెల్లవాళ్ళ పేట అని మనల్ని వెళ్ళగొట్టిన రోజు చర్చి మీదికి బుల్డోజరు తోలినవాడి చెయ్యి పడిపోను! రాయి ముక్క కూడా మిగల్చలేదు." ఎప్పుడూ తిట్టే తిట్టే తిట్టి, ఎడ్నా చర్చి వెనక వంటగదిలోకి వెళ్ళిపోయింది.

మేస్త్రీ లచ్మన్ ఉలి పట్టుకుని నిలబడ్డాడు.

"మూడు నిలువు గీతల్ని IV చెయ్యడం నావల్ల కాదు సార్. రాయి పగులుతుంది. కొత్తది తెప్పిద్దామన్నా రేపటికి రాదు."

"అయితే ఊడదీసెయ్. బోడి గోడతోనే తెరుద్దాం. అందరూ నన్ను చూసి నవ్వనీ."

గేటు దగ్గర కిర్రుమని చప్పుడైంది. ఒంటిచక్రం తోపుడుబండితో ఒక జూలూ ముసలాయన నిలబడ్డాడు. బండి మీద గోనెపట్టా కప్పి ఉంది.

మొక్కజొన్న పొత్తులు కాబోలు అనుకున్నాడు హెర్బర్ట్.

"ఇకోనా, వద్దు! మాకేం వద్దు. వెళ్ళు."

ముసలాయన వెళ్ళలేదు. టోపీ తీసి లోపలికొచ్చాడు. గోడ రాయి ముందు ఆగాడు. కుడిచేతికి చూపుడువేలు లేదు. మధ్యవేలితో చివరి గీతలు ఒక్కొక్కటే తడిమి, పక్కనున్న ఖాళీ మీద వేలు నిలిపాడు.

"ఇక్కడ ఇంకో గీత," అన్నాడు జూలూలో.

హెర్బర్ట్‌కు ఒళ్ళు మండింది.

"నాలుగంటే IV, తాతా! నాలుగు గీతలు పెడితే బడిపిల్లలు కూడా నవ్వుతారు. నీ పని నువ్వు చూసుకో."

ముసలాయన ఇంకేదో చెప్పబోయి, తన బండి వైపు నడిచాడు.

లచ్మన్ గొంతు సవరించుకున్నాడు. "సార్... మీ చేతి వాచీలో నాలుగు ఎలా ఉంది?"

హెర్బర్ట్ మణికట్టు వైపు చూశాడు. రిటైరైననాడు బడివాళ్ళు పెట్టిన వాచీ. నాలుగున్న చోట నాలుగు నిలువు గీతలు. IIII. రోజుకు వందసార్లు చూసుకునేదే!

"ఔను... పాతవాళ్ళు అలా కూడా రాసేవాళ్ళు. కొట్టు లచ్మన్, కొట్టు!"

ఉలి టకటకలాడింది. రాయి చక్కగా మాట వింది. MCMXCIIII. తొంభై నాలుగు!

హెర్బర్ట్ పకపకా నవ్వాడు.

"అక్కా, గట్టెక్కాం! టీ పట్రా, ఈ తాతక్కూడా!"

వెనక్కి తిరిగితే ముసలాయన లేడు. బండీ లేదు. రోడ్డు మీదికి పరుగెత్తి అటూ ఇటూ చూశాడు. చెరకుతోటలే తప్ప మనిషి జాడ లేదు.

గేటు లోపల, పరిచిన గోనెపట్టా మీద ఒక రాయి ఉంది.

ఒక మూల విరిగింది. మిగతాదంతా రోజూ తుడిచిన గడపలా శుభ్రంగా ఉంది. దాని మీద MCMIIII. పందొమ్మిది వందల నాలుగు. చివర నాలుగు గీతలు.

టీ కప్పులతో వచ్చిన ఎడ్నా అక్కడే ఆగిపోయింది.

"ఇది మన తాత చెక్కిన రాయేరా! పాత చర్చిది! ఎవరు తెచ్చారు?"

"ఎవరో ముసలాయన. పేరైనా అడగలేదక్కా. కుడిచేతికి చూపుడువేలు లేదు."

ఎడ్నా కప్పులు కింద పెట్టి, మెల్లగా మెట్టు మీద కూలబడింది.

"నేను ఎదురు నిలబడి తిట్టిన ఆ రోజు, బుల్డోజరు నడుపుతున్న చేతికీ ఆ వేలు లేదురా."