ఎడమ చెయ్యి పొడుగు

ఆ రోజుల్లో గరిటె దగ్గర్నుంచి గౌను దాకా అన్నీ ఇంటి గోడలోని మాట్లాడే యంత్రప్పెట్టే తయారుచేసి ఇచ్చేది. అందుకే క్రిస్మస్ తాత లేడేమోనని చిన్నారి కెజియాకు అనుమానం పట్టుకుంది.

పండగ పొద్దున తలగడ పక్కన ఎర్ర గౌను కనబడగానే గోడ దగ్గరికి పరుగెత్తింది.

“పెట్టే, ఇది నువ్వే చేశావు కదూ?”

“లేదు. నేను చేస్తే చేతులు రెండూ సమానంగా ఉంటాయి.”

కెజియా తొడుక్కుని చూసింది. ఎడమ చెయ్యి బెత్తెడు పొడుగు. కుట్లన్నీ వంకరటింకర.

“అమ్మా! తాత నిజంగానే ఉన్నాడు! పాపం, కుట్టడమే రాదు!” అంటూ గెంతులేసింది.

“ముసలాయన కదా, చూపు ఆనదేమో. వచ్చే ఏడు బాగా కుడతాడులే,” అంది తల్లి సువార్త, సూది గుచ్చుకున్న వేళ్లను కొంగులో దాచుకుంటూ.

“వద్దమ్మా! బాగా కుడితే తాతే కుట్టాడని ఎలా తెలుస్తుంది?”