సిబ్బంది పేజీ

కొత్తావిడ ముచ్చటగా మూడోసారి "వద్దు" అన్న బటన్ నొక్కింది. ఆ ఉదయమే సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి వచ్చిన ట్రైనర్ తల పట్టుకున్నాడు.

నీటి సరఫరా ఆఫీసు వెబ్‌సైటుకి పేజీలు దిద్దే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి వారమైంది. ఇకమీదట పేజీల్లో మార్పులన్నీ ఫిర్యాదుల సీటులో ఉన్నవాళ్లే చేసుకోవాలి. కొత్తావిడ ఆ సీటులోకి వచ్చిందీ ఆ వారమే. చెప్పింది ఇట్టే పట్టేసింది. నీళ్లు వదిలే వేళలు మార్చింది, పైపు పగిలిన వీధి పేరు ఎక్కించింది. సిబ్బంది పేజీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమెకి కాళ్లూ చేతులూ ఆడడం లేదు.

"పాత గుమాస్తా ఫొటో తీసెయ్యాలి, మీది పెట్టాలి. అంతే కదా మేడమ్?"

"తీసేస్తే మళ్లీ వస్తుందాండీ?"

"పబ్లిష్ చేశాక రాదు. అయినా ఇంకెందుకు? ఆయన ఇక ఈ సీటులోకి రారుగా."

ఫొటోలో ఆయన చొక్కా కాలరు ఒక పక్క మడత పడి ఉంది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది.

ఫోన్ మోగింది. పొద్దుట్నుంచి ఇది పదకొండోది. అందరికీ పాత గుమాస్తానే కావాలి. వెబ్‌సైటులో ఇంకా ఆయన పేరే ఉంది మరి.

"ఆయన లేరండీ. నాతో చెప్పండి," అని కుళాయి ఫిర్యాదు రాసుకుంది.

సూపరింటెండెంట్ తన గదిలోంచి వచ్చాడు. మనిషి మంచివాడే గానీ, పైవాళ్ల చేత ఆయనా చీవాట్లు తింటున్నాడు.

"అమ్మా, నాలుగింటికల్లా ఆ పేజీ మారాలి. లేకపోతే మీకు పని చేతకాదని రాసి పంపమంటున్నారు. రాస్తే ఈ ఉద్యోగం నిలవదు. నా చేత ఆ పని చేయించకండి."

ఉద్యోగం నిలవకపోతే పెద్దదాని చదువు అక్కడితో ఆగిపోతుంది. ఆ సంగతి ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"భయమెందుకు మేడమ్? కంప్యూటరేం కరవదు," అన్నాడు ట్రైనర్, నవ్వించాలని.

ఆమె నవ్వలేదు. సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగింది. ఫొటో మీద నొక్కింది. తొలగించమంటారా అని తెర మళ్లీ అడిగింది. ఈసారి "అవును" నొక్కి, తన ఫొటో ఎక్కించింది.

"హమ్మయ్య. ఇక పేరొక్కటీ మార్చేస్తే అయిపోయినట్టే."

పేరు గడిలో ఇంటిపేరు అలాగే ఉంచి, పక్కనున్న తన చనిపోయిన భర్త పేరుని ఒక్కో అక్షరమే చెరిపింది.